అత్తకు చెప్పిన సీరియల్

మా తమ్ముణ్ణి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్తాను. పొద్దున్నే బస్సెక్కితే ఎండ ముదిరేసరికి వాడు మంచం మీద, నేను గోడవార ప్లాస్టిక్ కుర్చీలో. వరసగా ఎనిమిది మంచాలు, ఎనిమిది మిషన్లు. పడుకున్నవాళ్ళందరూ మా ఉద్దానం వాళ్ళే. కొబ్బరి దింపినవాళ్ళు, జీడితోటల్లో పనిచేసినవాళ్ళు, నాకు వరసకి మావలో అక్కలో అయ్యేవాళ్ళు.

గోడకి ఎత్తుగా ఒక టీవీ ఉంది. మొన్నొక మధ్యాహ్నం అందులో సీరియల్ వస్తోంది. పట్టుచీర కట్టుకుని, మెడనిండా నగలేసుకుని ఒకావిడ ఆసుపత్రి మంచం మీద పడుకుంది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, పెదాలకి ఎర్రటి రంగు. కొత్తగా వచ్చిన నర్సమ్మ రిమోట్ తీసి వార్తలు పెట్టబోయింది.

"ఉంచమ్మా, ఉంచు! అది బతుకుతాదో నేదో సూడనీ," అని మూడో మంచం మీది ముసలాయన కేకేశాడు.

అందరూ నవ్వారు. మా తమ్ముడు కూడా నవ్వాడు. నేను లేచి వరండాలోకి వచ్చేశాను.

సీరియళ్ళు చూడనని నేను అందరికీ చెప్తుంటాను. బళ్ళో తోటి టీచర్లు వాటి గురించి మాట్లాడుకుంటుంటే పుస్తకంలో తల దూరుస్తాను. ఒకప్పుడు మా ఊళ్ళో నా అంత పిచ్చిగా సీరియల్ చూసిన పిల్ల ఇంకొకతె లేదని వాళ్ళకి తెలియదు.

అప్పుడు నాకు పదేళ్ళు. ఎండాకాలం సెలవలు. ఊరంతా జీడిమామిడి పళ్ళ వాసన. చెట్ల కింద రాలి, చితికి, పులిసిన ఆ తీపి వాసన బట్టల్లోకి, అన్నంలోకి, ఆఖరికి నిద్రలోకి కూడా వచ్చేది. ఇంటింటా జీడిపిక్కలు కాల్చేవారు. ఆ పొగకి కళ్ళు మండేవి. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు ముందు చేతులకి బూడిద రాసుకునేవారు. ఎంత రాసుకున్నా పెంకులోంచి కారే జీడి వేళ్ళకి అంటి, చర్మం నల్లబడి, పొరలుగా ఊడిపోయేది. మా అమ్మ చేతులు అలాగే ఉండేవి. మిగతావాళ్ళవీ అంతే.

ఊళ్ళో టీవీ ఒక్క ఇంట్లోనే ఉండేది. ఆ ఇంటాయన మిలటరీలో చేసి వచ్చాడు. ఆయన భార్యని మేం మిలటరీ పెద్దమ్మ అనేవాళ్ళం. మధ్యాహ్నం రెండు గంటలకి సీరియల్. ఆడవాళ్ళు తట్టల్లో జీడిపిక్కలు పట్టుకుని ఆవిడ నడవలోకి చేరేవారు. కాళ్ళు కడుక్కుని రావాలి, పిల్లలు మాట్లాడకూడదు, ఇవే ఆవిడ పెట్టిన నియమాలు. చేతులు పిక్కలు కొడుతుండేవి, కళ్ళు టీవీ మీద ఉండేవి. ఆ పెట్టెలో ఒక పెద్ద బంగళా. అందులో రెండు వైపుల నుంచీ దిగే మెట్లు. ఆ మెట్ల మీంచి పెద్ద కోడలు రోజుకో పట్టుచీరలో దిగివచ్చేది. ఆవిడ చేతులు తామర పువ్వుల్లా ఉండేవి. ఆవిడ తోటికోడలు నుదుటి మీద పాములాంటి బొట్టు పెట్టుకుని, స్తంభం చాటునుంచి చూసి, ఒక కనుబొమ్మ ఎగరేసేది. అంతే, ఉరుము ఉరిమేది. ఇద్దరి ముఖాలూ మూడేసిసార్లు కనబడేవి.

మా తాతకి ఇది గిట్టేది కాదు. "ఆ పెట్టెలోని ఆడోళ్ళకి పనీ పాటా నేదు. మీకూ నేకుండా సేస్తారు," అని మా ఇంటి ఆడవాళ్ళని వెళ్ళనిచ్చేవాడు కాదు. అయితే మధ్యాహ్నం భోంచేసి ఆయన కొబ్బరితోటలో నడుం వాల్చేవాడు. అప్పుడు అమ్మ నా నెత్తిన చిన్న తట్ట పెట్టి, "పిక్కలు కొట్టీసి రా," అనేది. ఏ ఇంట్లో కొట్టాలో చెప్పేది కాదు.

నేనలా వెళ్ళిరావడం ఒక మనిషి కోసం. ఆవిడ మా మేనత్త, నాన్న చెల్లెలు.

అత్తని నరసన్నపేట దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. చలి తగ్గే రోజుల్లో మావ ఆమెని బస్సులో తీసుకొచ్చి మా ఇంట్లో దింపాడు. చేతిసంచీ అరుగు మీద పెట్టి, "తగ్గినాక కబురెట్టండి మావా, నానొచ్చి తీసుకెల్తాను," అని తాతతో చెప్పి, అన్నమైనా తినకుండా వెళ్ళిపోయాడు. వాళ్ళకి ఐదేళ్ళ కూతురుంది. దాన్ని తీసుకురాలేదు. జబ్బు అంటుకుంటుందని వాళ్ళింట్లో భయం.

అత్త ముఖం ఉబ్బిపోయి ఉండేది. కళ్ళు సన్నటి గీతల్లా అయిపోయాయి. కాలి మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి, చాలాసేపటికి గానీ పూడేది కాదు. మొదట్లో అది నాకు ఆటలాగా ఉండేది. అత్త కూడా కాలు చాపేది.

నాన్న ఆమెని పట్నంలో పెద్ద డాక్టరుకి చూపించి తీసుకొచ్చిన సాయంత్రం నేను ధాన్యం కొట్టులో ఉన్నాను. గోనెపట్టా కింద మగ్గబెట్టిన పనసపండు చీల్చి, దొంగతనంగా తొనలు తింటున్నాను. చేతులకీ మూతికీ బంక. ఇంతలో నాన్న, తాత, మామ్మ కొట్టు గుమ్మం దగ్గరికి వచ్చారు. నేను బస్తాల వెనక నక్కాను.

"రెండు కిడ్నీలూ పోనాయట అయ్యా. ఇంకేటీ సెయ్యడానికి నేదట. ఇంటికి తీసుకుపొమ్మన్నారు," అన్నాడు నాన్న.

మామ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"దానికి సెప్పకండి," అన్నాడు తాత. "నీరు పట్టింది, మందులేసుకుంటే తగ్గుతాదని సెప్పండి. ఎవులూ నోరిప్పకండి."

వాళ్ళు వెళ్ళాక కూడా నేను అక్కడే కూర్చున్నాను. నోట్లో తొన అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత అత్తని పెరటి గదిలో పడుకోబెట్టారు. ఉప్పులేని జావ, ఉప్పులేని పప్పు. ఇంట్లో ఎండుచేపల పులుసు కాగుతుంటే ఆమె గదిలోంచి గట్టిగా ఊపిరి పీల్చడం నాకు వినబడేది.

"నాలిక సచ్చిపోనాదే కోడలా. కొంచెం ఉప్పు తేవే," అని ఒకసారి బతిమాలింది. నేను తెచ్చాను. నా అరచేతిలోంచే నాకేసింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు కూడా తెచ్చాను.

అత్తకి సీరియల్ పిచ్చి. వాళ్ళ ఊళ్ళో ఉన్నప్పుడు రోజూ ఏదో ఒకటి చూసేదట; ఈ బంగళా సీరియల్ మాత్రం ఆమె ఇక్కడికి వచ్చాక మొదలైంది. ఇక్కడ తాత వెళ్ళనివ్వడు, పైగా అంత దూరం నడిచే ఓపిక కూడా లేదు. కాబట్టి మిలటరీ పెద్దమ్మ నడవలోంచి నేను పరుగున వచ్చి, తలుపు దగ్గరగా వేసి, చూసిందంతా చెప్పేదాన్ని. ఊరికే చెప్పడం కాదు. తువ్వాలు పైటలా వేసుకుని మెట్లు దిగినట్టు పీట మీంచి దిగేదాన్ని. బొగ్గుతో నుదుటి మీద పాము గీసుకుని కనుబొమ్మ ఎగరేసేదాన్ని. ఉరుముకి సత్తు గిన్నె కొట్టేదాన్ని. ముఖాన్ని మూడుసార్లు గిర్రున తిప్పేదాన్ని. అత్త పొట్ట పట్టుకుని నవ్వేది.

"సీర ఏ రంగే?"

"నెమలి రంగు అత్తా. బంగారు అంచు."

"జాకెట్టు సేతులు ఎంతవరకున్నాయి?"

"మోసేతి దాకా. బుట్ట కట్టున్నాయి."

"ఒలమ్మా! వంటింట్లో కూడా అదే సీరేనేటే?"

"వంటింట్లోకి ఆవిడ రాదు కదత్తా."

అత్త కళ్ళు మూసుకుని ఆ చీరని చూసుకునేది. ఆవిడ నల్లబడిన వేళ్ళు దుప్పటి అంచుని మడతలు పెడుతుండేవి, కుచ్చిళ్ళు పోసినట్టు.

కొన్నాళ్ళకి సీరియల్లో పెద్ద కోడలికి జబ్బు చేసింది. డాక్టరు కళ్ళజోడు తీసి, తల అడ్డంగా ఊపాడు. తోటికోడలు మందు సీసాలు మార్చేసింది. అత్త ఇంక చీరల గురించి అడగడం మానేసింది. "ఈ రోజు ఎలగున్నాది? లేసి కూసుందా? ఏటైనా తిందా?" అని అడిగేది, పక్కింటి మనిషి గురించి అడిగినట్టు.

"దానికి తగ్గితే నాకూ తగ్గుతాదే," అంది ఒకరోజు. నవ్వుతూనే అంది.

ఆ తర్వాత నాలుగు రోజులకి పెద్ద కోడలు చచ్చిపోయింది.

మిలటరీ పెద్దమ్మ నడవలో ఇరవై మంది ఆడవాళ్ళం ఉన్నాం. అందరం ఏడ్చాం. చేతులకి జీడి ఉండడంతో కళ్ళు తుడుచుకోవడానికి లేదు. మోచేతులతో, భుజాలతో తుడుచుకున్నాం. ఒకావిడ మర్చిపోయి అరచేత్తో తుడుచుకుంది. సాయంత్రానికి ఆమె రెప్ప కాలి వాచిపోయింది. సొంత మొగుడు పోయినప్పుడు కూడా ఆమె అంతగా ఏడవలేదని తర్వాత చెప్పుకున్నారు. టీవీలో చితికి నిప్పు పెట్టేటప్పుడు కూడా ఆ శవానికి పెదాల రంగు చెదరలేదు.

నేను ఇంటికి నడుస్తున్నాను. కాళ్ళు కాలుతున్నా పరిగెత్తలేదు. పెరటి గది తలుపు తీసేసరికి అత్త మోచేతి మీద లేచి కూర్చుని ఉంది.

"ఏటైందే?"

"కళ్ళు తెరిసింది అత్తా," అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. వచ్చేసింది. ఇంక దాని వెనక ఇంకోటి రావాలి. "పరాయి దేశం నుంచి డాక్టరొచ్చాడు. తెల్లగా ఉన్నాడు. సీసాలు మార్చేసినట్టు ఆయనే కనిపెట్టాడు."

అత్త రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆ రోజు జావ మొత్తం తాగింది.

మర్నాటి నుంచీ నాకు రెండు సీరియళ్ళు. ఒకటి నడవలో చూసేది, ఇంకోటి అత్తకి చెప్పేది. నడవలో చూసినదాంట్లో చచ్చిపోయినావిడ ఫోటోకి దండేశారు. వారం తిరక్కుండానే మొగుడికి రెండో పెళ్ళి చేశారు. నేను చెప్పినదాంట్లో పెద్ద కోడలు ఓడెక్కి చల్లటి దేశం వెళ్ళింది. మంచు మీద నడిచింది. జుట్టు మళ్ళీ ఒత్తుగా పెరిగింది. నేను దారిలో నడుస్తూ, అన్నం తింటూ, జీడిపిక్కలు కొడుతూ ఆ కథే అల్లుకునేదాన్ని. ఒక పిక్క బదులు వేలు కొట్టుకున్నాను కూడా.

అత్త మారిపోయింది. ముఖం ఉబ్బు అలాగే ఉంది, ఊపిరి ఇంకా బరువుగా ఉంది, కానీ మాట మారింది. "తొలకరి పడ్డాక నా కూతురి కాడికెల్తానే. ఇప్పుడిలగ సూస్తే ఆ పసిగుంట జడుసుకుంటాది. వాపు తగ్గినాకే ఎల్తాను," అనేది. దానికి కొనాల్సిన గాజుల రంగు కూడా అనుకుంది. మామ్మ గుమ్మంలో నిలబడి వింటూ లోపలికి వెళ్ళిపోయేది. అమ్మ నన్ను ఒకసారి పట్టుకుని, "ఏటి సెప్తన్నావే దానికి?" అని అడిగింది. చెప్పాను. అమ్మ నా తల మీద చెయ్యి వేసింది.

దగ్గర దగ్గర ఇరవై రోజులు అలా నడిచింది.

ఒక పొద్దున్న పక్కింటావిడ చాట కోసం మా పెరట్లోకి వచ్చింది. అమ్మతో మాట్లాడుతూ, "సూసినావా వదినా, ఆ పెద్ద కోడలు సచ్చి నెలన్నా కానేదు, దాని నగలన్నీ ఆ రెండోది ఏసుకుని తిరుగుతన్నాది," అంది. అమ్మ కళ్ళతో సైగ చేసింది. అప్పటికే ఆలస్యమైపోయింది. పెరటి గది కిటికీ తెరిచే ఉంది.

ఇదేదీ నాకు తెలియదు. మధ్యాహ్నం మామూలుగానే పరుగున వచ్చాను. తువ్వాలు వేసుకున్నాను. పెద్ద కోడలు ఓడ దిగడం, మొగుడు పూలగుత్తితో ఎదురు రావడం, అన్నీ చెప్పాను. అత్త చివరిదాకా విన్నది. నేను ఆగాక నా మణికట్టు పట్టుకుంది.

"అది సచ్చిపోయి ఎన్నాళ్ళైందే?"

నేను రెండో చేత్తో భుజం మీది తువ్వాలు తీసేశాను.

"ఎవులు సెప్పమన్నారు నీకు అబద్దం?"

"ఎవులూ సెప్పమన్నేదు అత్తా. నువ్వు ఏడుస్తావని..."

ఆమె నా ముఖంలోకి చూస్తూనే ఉంది. ఆ ఉబ్బిన రెప్పల మధ్య అంత చూపు ఉంటుందని నేను అనుకోలేదు.

"మరి నా సంగతేటి? నాకు కూడా ఇలగే సెప్తన్నారా, తగ్గుతాదని? నువ్వు నా కోడలివి. నా మీదొట్టు. సెప్పు."

నేను చెప్పేశాను. కొట్టులో బస్తాల వెనక విన్నది విన్నట్టు చెప్పాను. రెండూ పోనాయట, ఇంటికి తీసుకుపొమ్మన్నారట. చెప్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. అత్త ఏడవలేదు. నా మణికట్టు వదిలేసి గోడకి ఆనుకుంది. "తల దువ్వవే," అంది. దువ్వాను. దువ్వెన నిండా జుట్టు వచ్చింది.

దీపాల వేళకి నాన్న తోట నుంచి వచ్చాడు. అత్త గోడ పట్టుకుని నడుస్తూ ముందు గదిలోకి వచ్చింది. తాత, మామ్మ, అమ్మ అందరూ అక్కడే ఉన్నారు.

"అన్నియ్యా, రేపు ఎల్లి నా కూతుర్ని తీసుకురా."

"తగ్గినాక నువ్వే ఎల్దువు కదే," అన్నాడు నాన్న.

"తగ్గదు కదా."

నాన్న నేల చూపులు చూశాడు. తాత చుట్ట చేతిలోనే ఆరిపోయింది.

"ముందే సెప్పుంటే ఈపాటికి నా గుంట నా కాడుండేది," అంది అత్త. "మీరందరూ నన్ను మాయ సేసీసినారు. నాకు రోజుల్నేవని తెలిస్తే, జడుసుకుంటే జడుసుకుందని దాన్ని తెప్పించుకోనా?"

మామ్మ చూపు అందరి మీదా తిరిగి నా మీద ఆగింది. లేచి వచ్చి నా చెంప మీద కొట్టింది. ఆమె నన్ను కొట్టడం అదే మొదలు.

నాన్న మర్నాడు నరసన్నపేట బస్సెక్కాడు. వాళ్ళు పిల్లని ఒక పట్టాన పంపలేదట. నాన్న వాళ్ళ వీధిలో అరుగు మీద కూర్చుని, పిల్లని ఇస్తేగానీ కదలనన్నాడట. రెండో రోజు సాయంత్రం దాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. రెండు జడలు, ఎర్ర గౌను, కాళ్ళకి చెప్పులు లేవు.

అత్త తల దువ్వించుకుని, బొట్టు పెట్టుకుని, మంచం మీద కూర్చుని చేతులు చాపింది. పిల్ల నాన్న వెనక దాక్కుంది.

"ఈవిడ మా యమ్మ కాదు. మా యమ్మ సన్నంగా ఉంటాది," అంది.

ఎవరు ఎంత చెప్పినా దగ్గరికి వెళ్ళలేదు. ఆ రోజూ వెళ్ళలేదు, మర్నాడూ వెళ్ళలేదు. గుమ్మం దాకా వచ్చి, ఆ ముఖం చూసి, వెనక్కి పరిగెత్తేది. అత్త చాపిన చేతులు మళ్ళీ ఒళ్ళోకి తీసుకునేది. ఒకసారి ఆమె ముఖానికి కొంగు కప్పుకుని పిలిచింది. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది.

మూడో రోజు భోజనాలయ్యాక అత్త తాతని పిలిచింది.

"అయ్యా, నాను టీవీ సూడ్డానికెల్తాను. గుంటని కూడా తీసుకెల్తాను."

అందరం తాత ముఖంలోకి చూశాం. ఆయన లేచాడు. మూలనున్న చెక్క కుర్చీ ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. "పదండి," అని ముందు నడిచాడు.

ఆ వీధి చివరిదాకా నడవడానికి చాలాసేపు పట్టింది. అత్త పది అడుగులకోసారి ఆగేది. ఆగినచోటల్లా తాత కుర్చీ దింపి వేసేవాడు. నేను పిల్ల చెయ్యి పట్టుకుని వెనక నడిచాను. మిలటరీ పెద్దమ్మ నడవలో ఆడవాళ్ళు లేచి దారి ఇచ్చారు. కాళ్ళు కడుక్కోమని కూడా ఆవిడ అనలేదు. తాత టీవీ ఎదురుగా కుర్చీ వేసి, తాను బయట ఎండలోనే నిలబడ్డాడు.

సీరియల్ మొదలైంది. బంగళా, మెట్లు, గోడ మీద దండేసిన ఫోటో.

"ఇదేనేటే?" అంది అత్త నా వైపు వంగి.

"ఇదే అత్తా."

"నువ్వు సెప్పినంత అందంగా నేదే."

పిల్ల అంతవరకూ టీవీ చూసి ఎరగదు. అత్త చూడ్డానికి వెళ్తే వాళ్ళ నాయనమ్మ దాన్ని వెంట పంపేది కాదట. నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ముందు కూర్చున్నవాళ్ళ తలలు అడ్డమొస్తున్నాయి. మునివేళ్ళ మీద లేచింది, అటు జరిగింది, ఇటు జరిగింది. అత్త దాని నడుం కింద రెండు చేతులూ వేసి, ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. కళ్ళు టీవీ మీదే ఉన్నాయి. కాసేపటికి వెనక్కి వాలి అత్త గుండెకి ఆనుకుంది.

అత్త కదల్లేదు. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటోంది. తర్వాత ఎప్పటికో ఒక చెయ్యి లేపి పిల్ల తల మీద పెట్టింది. పిల్లకి తెలిసినట్టే లేదు. తోటికోడలు కనుబొమ్మ ఎగరేసింది, ఉరుములు ఉరిమాయి, రెండో పెళ్ళాం మెట్ల మీంచి పడింది. అత్త ఇవేవీ చూడలేదు. తల వంచి పిల్ల పాపిట చూస్తూ కూర్చుంది. సీరియల్ అయిపోయాక కూడా వాణిజ్య ప్రకటనలు వస్తుంటే మిలటరీ పెద్దమ్మ టీవీ ఆపలేదు.

ఆ తర్వాత రోజూ వెళ్ళాం. మొదట్లో అత్త నడిచింది. తర్వాత నాన్న, తాత చెరోవైపు పట్టి కుర్చీతో సహా మోసుకెళ్ళారు. పిల్ల ముందు పరిగెత్తేది. మెల్లిమెల్లిగా ఇంట్లో కూడా దగ్గరికి వెళ్ళింది గానీ, ఎదురుగా ఎప్పుడూ కూర్చోలేదు. వచ్చి వీపు తిప్పి ఒళ్ళో కూర్చునేది. అలా పంతొమ్మిది రోజులు. తొలకరి పడిన పొద్దున్న అత్త పోయింది.

దినాలకి రాని మావ, అవి అయిన మర్నాడు వచ్చాడు. అప్పుడు మధ్యాహ్నం. పిల్లని తీసుకెళ్తానన్నాడు. "సీరియల్ అయిపోయినాక ఎల్దాం నాన్నా," అంది పిల్ల. మావ దాన్ని ఎత్తుకుని బస్సు దగ్గరికి నడిచాడు. అది ఆయన భుజం మీంచి మిలటరీ పెద్దమ్మ ఇంటివైపు చెయ్యి చూపిస్తూ ఏడ్చింది.

మామ్మ నన్ను క్షమించలేదు. "నిజం సెప్పి సంపీసినావు. తెలీకపోతే ఇంకో ఏడాది బతికేది," అనేది. ఆమె పోయేవరకు, సంవత్సరానికి ఒకసారైనా ఆ మాట అంది. నేను మళ్ళీ ఆ నడవలోకి వెళ్ళలేదు.

అత్త కూతురు, నా మరదలు, ఇప్పుడు చీపురుపల్లిలో ఉంటోంది. ఇద్దరు పిల్లలు. ఆసుపత్రిలో వరండాలోకి వచ్చేసిన రోజు నుంచీ నాకు మనసు మనసులో లేదు. వారం తిరిగాక రైలెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. తను వంట చేస్తోంది. నేను గడప మీద కూర్చున్నాను. మాటల్లో మా తమ్ముడి జబ్బు సంగతి వచ్చింది. దాంతో అత్త సంగతి వచ్చింది.

"మా యమ్మ ముఖం నాకు గుర్తు నేదు వదినా," అంది తను. "వీపుకి ఆనుకుని మెత్తగా, ఎచ్చగా ఉండేది. ఆవిడ ఊపిరి తీస్తే నాను కూడా పైకీ కిందకీ ఊగేదాన్ని. అదొక్కటే గుర్తు. ఎన్నాళ్ళున్నాను నాను ఆవిడ ఒళ్ళో?"

"పంతొమ్మిది రోజులు."

"అంతేనేటి? శానా రోజులున్నట్టు ఉంటాది నాకు."

అప్పుడు మొత్తం చెప్పాను. కొట్టులో విన్నది, పెద్ద కోడలు బతికిందని చెప్పింది, దాన్ని నమ్మి అత్త వాపు తగ్గేదాకా ఆగుదామనుకున్నది. తను గరిటె పట్టుకుని అలాగే నిలబడి విన్నది.

"ముందే సెప్పుంటే?"

"ఇంకో ఇరవై రోజులు ముందొచ్చేదానివి."

పొయ్యి మీద కూర మాడుతోంది. తను స్టవ్ ఆపింది.

"పదేళ్ళ గుంటవి. నీకేటి తెలుసు," అంది, నా వైపు చూడకుండా. నాకు అన్నం వడ్డించింది. మాడిన ముక్కలు ఏరి తన కంచంలో వేసుకుంది. నేను తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది, తను మాత్రం తినలేదు. స్టేషనుకి వచ్చి, రైలు కదిలేదాకా నిలబడింది. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు.

మామ్మ నన్ను నిజం చెప్పినందుకు తిట్టింది. ఆ తిట్టుకి నేను ఎప్పుడూ లోలోపల జవాబు చెప్పుకోగలిగాను. ఇరవై రోజులు అబద్ధం చెప్పినందుకు మాత్రం నన్ను ఎవరూ తిట్టలేదు. నా మరదలు కూడా తిట్టలేదు. ఒక్క మాట అన్నా బాగుండేది.

తనకి నేను అన్నీ చెప్పలేదు. ఎండలో కాళ్ళు కాలుతుంటే కథ కట్టుకుంటూ పరిగెత్తిన సంగతి, పెరటి గది తలుపు తీయగానే అత్త ముఖం నా కోసం వెలగడం, నేను ఎలా చెబితే ఆమె అలా బతకడం, ఇవేవీ చెప్పలేకపోయాను. ఆ ఇరవై రోజులూ నేను జాలితో అబద్ధం చెప్పాననుకుంటోంది తను. మొదటి రోజు జాలే. ఆ తర్వాత కాదు. నా చిన్నతనం మొత్తంలో నేను అన్నిటికన్నా సంతోషంగా ఉన్న రోజులవి.